తుప్పు పట్టని స్తంభం

మా ముత్తుకూరులో ఇనుము బతకదు. కృష్ణపట్నం వైపు నుంచి వీచే ఉప్పుగాలికి గేటు ఊచలు, సైకిలు చక్రాలు, ఆఖరికి బడిగంట వేలాడే కొక్కెం కూడా ఏడాది తిరిగేసరికి ఎర్రగా పొట్టు రాలుస్తాయి. ఢిల్లీ కబుర్లు చెబుతానని కూర్చుని ఈ తుప్పు గొడవేమిటంటారా? అక్కడికే వస్తున్నాను.

పోయిన చలికాలం ఇరవై ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని నేనూ, మరో పంతులమ్మగారూ నెల్లూరులో రైలెక్కాము. ముప్పై గంటలు దాటిన ప్రయాణం. తిరుగు రైలు మరునాడే కనుక, రాజధాని చూడడానికి మాకు చిక్కింది ఒక్కటే రోజు.

పిల్లల్లో సముద్రపు ఒడ్డు పాళెం నుంచి వచ్చినవాడు ఒకడున్నాడు. పడవ లంగరుకు కొత్త గొలుసు కొందామని దాచిన డబ్బు వాళ్ళ నాయన ఈ ప్రయాణానికి ఇచ్చాడు. "గొలుసు తర్వాత కొనుక్కుంటాంలే సార్. వీడు ఢిల్లీ మళ్ళీ చూస్తాడో లేదో!" అన్నాడు స్టేషనులో. రైలు కదిలినా ఆ మాట నన్ను వదల్లేదు. గొలుసుపాటి విలువ చేసేది ఒక్క రోజులో వీడికి ఏం చూపించగలను?

తెల్లవారి మంచులో ముందు రాజఘాట్‌కు వెళ్ళాము. 1948 జనవరి 31న గాంధీజీకి అంత్యక్రియలు జరిగిన చోటు అది. చెప్పులు విడిచి నల్లరాతి వేదిక ముందు నిలబడ్డాక, 1921 ఏప్రిల్‌లో ఆయన మన పెన్న ఒడ్డున పల్లిపాడు ఆశ్రమాన్ని ప్రారంభించిన సంగతి చెప్పాను. అంతదాకా గుసగుసలాడుతున్నవాళ్ళు గమ్మునయ్యారు.

తర్వాత ఎర్రకోట. షాజహాను 1639లో మొదలుపెట్టించిన కోట. ఏటా ఆగస్టు 15న ప్రధానమంత్రి జెండా ఎగరేసేది ఇక్కడే అనగానే, "టీవీలో చూసే గోడ ఇదేనా!" అని నోళ్ళు తెరిచారు. మధ్యాహ్నం ఆంధ్రభవన్‌లో పప్పూ అన్నమూ కలుపుకుంటూ, "ఇంతదూరం వచ్చి మనూరి అన్నమే తింటున్నాం" అని ఒక చిన్నది నవ్వింది. ఆపైన 42 మీటర్ల ఇండియా గేటు, దానిమీద చెక్కిన పదమూడు వేలకు పైగా సైనికుల పేర్లు.

పొద్దు వాలేవేళకు కుతుబ్ మినారు చేరాము. అందరూ మెడలు నిక్కించి దాని కొస చూస్తుండగా తలలు లెక్కపెట్టాను. ఇరవై ఒకటి! గుండె జారిపోయింది. అటూ ఇటూ పరుగెత్తి చూస్తే పాళెం పిల్లవాడు పక్కనే ఉన్న ఇనుప స్తంభం కంచె పట్టుకుని నిలబడి ఉన్నాడు. చెయ్యెత్తబోయి వాడి ముఖం చూసి ఆగాను.

"సార్, ఇదెన్నాళ్ళది?"

"సుమారు పదహారు వందల ఏళ్ళది. గుప్తుల కాలంనాటిది."

"మా నాయన గొలుసు మూడేళ్ళకే పొడైపోయిందే! దీనికెందుకు తుప్పు పట్టలా? దీన్ని మనూళ్ళో పాతినా ఇట్టే ఉంటుందా?"

నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. తెలుసుకుని చెబుతానని మాటిచ్చాను.

ఊరు చేరాక పుస్తకాలు తిరగేశాను. కాన్పూరు ఐఐటీ ఆచార్యులు ఆర్. బాలసుబ్రహ్మణ్యం గారు ఈ స్తంభాన్ని ఏళ్ళ తరబడి పరిశోధించారు. ఆనాటి కమ్మరులు ఇనుప ముద్దల్ని కాల్చి, సమ్మెటలతో కొట్టి అతికి దీన్ని చేశారు. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ. అందువల్ల పైన సన్నని పొర కట్టి లోపలి ఇనుమును కాపాడుతున్నది. ఢిల్లీ పొడిగాలీ దానికి తోడైంది. ఉప్పు అటువంటి పొరల్ని దెబ్బతీస్తుంది. కనుక మన ఊళ్ళో పాతితే ఇన్నేళ్ళు ఇలా నిలిచేదని ఎవరూ పూచీ పడలేరు.

తరగతిలో ఇదంతా చెప్పిన మరునాడు వాడు మూడు మేకులు తెచ్చాడు. ఒకటి రంగు వేసింది, ఒకటి తారు పూసింది, ఒకటి ఉత్తది. బడి కిటికీలో వరుసగా పెట్టి, వారం వారం చూసి నోటుపుస్తకంలో రాస్తున్నాడు. ఉత్త మేకు పదిరోజులకే ఎర్రబడింది.

రెండు నెలలకు వాళ్ళ నాయన కొత్త గొలుసు కొన్నాడు. పడవలో వేసేముందు దానికి లంకె లంకెకూ తారు పూసింది మాత్రం కొడుకే. ఎన్నాళ్ళు ఆగుతుందో చూడాలి. ఆ లెక్క కూడా నోటుపుస్తకంలోకే ఎక్కుతుంది.