బాలికలు – దూరపు పరుగు
(తల్లిదండ్రులకు కొన్ని మాటలు)

పాఠశాలల క్రీడోత్సవములందు ఐదవ, ఆరవ తరగతుల బాలికలు బాలురతో సమానముగా పరుగెత్తుట అందరును చూచినదే. ఎనిమిదవ తరగతి దాటిన పిమ్మట ఆ బాలికలలోనే పెక్కుమంది ప్రేక్షకుల వరుసలో కూర్చుందురు. వారి కాళ్ల బలము తగ్గుటచేత నిట్లు జరుగుట లేదు. పిల్ల పెద్దమనిషి అయినది, ఇక పరుగులు చాలునని ఇంటిలో నెవరో అనుటచేత జరుగుచున్నది. ఆ మాట అనువారికి పిల్లపై ప్రేమ లేక కాదు. దూరపు పరుగు స్త్రీశరీరమునకు కీడు చేయునని, చదువునకు అడ్డు వచ్చునని, ఇంటిపని నేర్వనీయదని వారి భయము. ఈ భయములలో నిజమెంత కలదో, ఎంత లేదో విచారించి, పరుగును నిత్యజీవితముతో నెట్లు పొందింపవచ్చునో తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

భయముయొక్క పుట్టుక

ఈ భయము మన ఇండ్లలో మాత్రమే పుట్టినది కాదు. 1928వ సంవత్సరమున ఆంస్టర్‌డాం నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలందు మొట్టమొదటిసారిగా స్త్రీలకు 800 మీటర్ల పరుగు ఏర్పాటైనది. జర్మనీ దేశపు లీనా రాడ్కె 2 నిమిషముల 16.8 సెకండ్లలో పరుగెత్తి గెలిచెను. అంతిమ పోటీలో తొమ్మిదిమంది బయలుదేరిరి. తొమ్మిదిమందియు గమ్యము చేరిరి. అయినను, పందెము ముగిసిన పిమ్మట అలసటచే కొందరు నేలపై పడినందున, స్త్రీలు ఇంత దూరమునకు తగరని పత్రికలు గగ్గోలు పెట్టినవి. అలసిన పురుషుడు నేలపై పడినచో అది పట్టుదల యనిపించుకొనెను. అలసిన స్త్రీ పడినచో అది బలహీనత యైనది. ఫలితముగా ఆ పరుగు ఒలింపిక్ క్రీడలనుండి తొలగింపబడి, 32 సంవత్సరముల తరువాత, 1960లో రోము నగరమున గాని తిరిగి ప్రవేశింపలేదు.

ఆ పిమ్మట తలుపులు ఒక్కొక్కటిగా తెరచుకొన్నవి. 1967లో అమెరికా దేశపు బోస్టన్ మారథానులో కాథరిన్ స్విట్జర్ అను యువతి 261వ సంఖ్య ధరించి పరుగెత్తుచుండగా నిర్వాహకుడొకడు ఆమెను పట్టి లాగివేయ జూచెను. ఆమె ఆగక పరుగు ముగించెను. 1972లో ఆ పందెమున స్త్రీలకు అధికారికముగా ప్రవేశము లభించెను. ఆ సంవత్సరమే ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు 1500 మీటర్ల పరుగును, 1984లో 42.195 కిలోమీటర్ల మారథానును, 1988లో 10,000 మీటర్ల పరుగును చేర్పబడినవి. స్త్రీల శరీరము ఈ అర్ధశతాబ్దములో మారలేదు. మారినది లోకుల అభిప్రాయము మాత్రమే.

మన నగరమున జరిగిన విషయము

పుస్తకములలోని దూరదేశపు కథలకన్న మన కన్నులయెదుట జరిగిన విషయము మిన్న. పెరంబూరునకు కొద్ది మైళ్ల దూరమున, పెరియమేటలో జవహర్‌లాల్ నెహ్రూ క్రీడాప్రాంగణము కలదు. 1995 డిసెంబరులో, నాటి మద్రాసు నగరమున జరిగిన దక్షిణాసియా క్రీడలందు షైనీ విల్సన్ 800 మీటర్ల దూరమును 1 నిమిషము 59.85 సెకండ్లలో పరుగెత్తెను. రెండు నిమిషములలోపల ఆ దూరమును పరుగెత్తిన మొదటి భారతీయ స్త్రీ ఆమెయే. 1928లో లీనా రాడ్కె తీసికొన్న కాలముకన్న ఇది సుమారు 17 సెకండ్లు తక్కువ. 2010లో టింటూ లూకా దానిని మించువరకు, పదునైదు సంవత్సరములపాటు అది జాతీయస్థాయి రికార్డుగా నిలిచినది.

తల్లిదండ్రులు ముఖ్యముగా గమనింపవలసిన విషయ మింకొకటి కలదు. అప్పటికి షైనీ వయస్సు ముప్పది సంవత్సరములు. ఆమె వివాహిత, బిడ్డతల్లి, భారత ఆహారసంస్థలో ఉద్యోగిని. కేరళమునందలి ఇడుక్కి ప్రాంతమునుండి వచ్చిన ఈమె 1984లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్ క్రీడలలో 800 మీటర్ల ఉపాంత్యపోటీ వరకు చేరెను. 1986లో సియోల్ ఆసియా క్రీడలలో అదే పందెమున ముందంజలో నుండియు, తన గీతను వేళకు ముందే దాటినందున అనర్హురాలిగా ప్రకటింపబడెను. అంతటితో ఆమె క్రుంగిపోలేదు. అవే క్రీడలలో 4×400 మీటర్ల పరుగున స్వర్ణపతకము గెలిచిన జట్టులో ఆమె యుండెను. 1992 బార్సిలోనా ఒలింపిక్ క్రీడలలో భారతదేశపు పతాకమును చేబూని నడచెను. ఒలింపిక్ క్రీడలలో ఆ గౌరవము పొందిన మొదటి భారతీయ స్త్రీ ఆమెయే. ఆమె జీవితములో అత్యుత్తమమైన పరుగు వివాహమునకు ముందుది కాదు, మాతృత్వము తరువాతిది.

రైల్వే కుటుంబములు పెక్కు నివసించు పెరంబూరునకు ఇంకొక పేరు చెప్పిన చాలును. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో 10,000 మీటర్ల పరుగున స్వర్ణమును, 5,000 మీటర్ల పరుగున రజతమును గెలిచిన ప్రీజా శ్రీధరన్ దక్షిణ రైల్వే ఉద్యోగినియే.

అభ్యాసము శరీరమున చేయు పని

దూరపు పరుగునకు కావలసినది మెరుపువంటి వేగము కాదు. ప్రాణవాయువును కండరములకు చాలకాలము అందింపగల శక్తి. క్రమముగా నెమ్మదిగా పరుగెత్తువారి గుండె ఒక్కొక్క స్పందనమునకు ఎక్కువ రక్తమును పంపగలుగును. కండరములలో సన్నని రక్తనాళములు అధికమగును. అందుచేత మొదట ఆయాసము కలిగించిన దూరమే కొన్ని వారముల పిమ్మట సులభమై తోచును.

అయితే ఇందొక చిక్కు కలదు. గుండెయు, ఊపిరితిత్తులును త్వరగా బలపడును. ఎముకలును, కీళ్లను కట్టియుంచు నరములవంటి కట్లును నిదానముగా బలపడును. ఊపిరి నిలిచినదిగదా యని దూరమును ఒక్కసారిగా పెంచువారికి మోకాళ్ల నొప్పి, పిక్క యెముక నొప్పి కలుగుట ఇందువలననే. కాబట్టి మొదట ఒక నిమిషము పరుగు, రెండు నిమిషముల నడక చొప్పున పది పర్యాయములు, అనగా అరగంట, వారమునకు మూడు దినములు చేసిన చాలును. క్రమముగా పరుగును పెంచి నడకను తగ్గించుచు వచ్చినచో, రెండు మూడు నెలలలో ఇరువది నిమిషములు ఆగక పరుగెత్తుట సాధ్యమగును. పరుగెత్తుచు పూర్తివాక్యము మాటలాడగలిగినచో వేగము సరియైనదని తెలిసికొనవలెను. మాట తెగిపోయినచో తగ్గింపవలెను. వేగముగా పరుగెత్తు దినము వారమున కొక్కటి చాలును. విశ్రాంతిదినము సోమరితనము కాదు. శరీరము బలపడునది ఆ దినముననే.

బాలికలు మారథానునకు తొందరపడ నక్కరలేదు. అంత దూరమునకు సాధారణముగా 18 సంవత్సరములు నిండినవారినే చేర్చుకొందురు. పాఠశాల దశలో 800, 1500, 3,000 మీటర్ల పరుగులు చాలును.

చెన్నై నగరపు ఎండ వేరు, గాలిలోని తేమ వేరు. చెమట ఆరినప్పుడే శరీరము చల్లబడును. తేమగాలిలో చెమట ఆరదు. కాబట్టి ఏప్రిలునుండి జూనువరకు తెల్లవారుజామున ప్రారంభించి ఏడు గంటలలోపల ముగింపవలెను. తల తిరిగినను, ఒడలు చలిగా తోచినను వెంటనే ఆగి నీడను చేరి నీరు త్రాగవలెను. అక్టోబరునుండి డిసెంబరువరకు వానలచే వీధులు నీటమునిగిన దినములలో త్రాడు దాటుట, మెట్లెక్కుట ఇంటనే చేయవచ్చును. ఖరీదైన జోళ్లకన్న కాలికి సరిపోయిన జోళ్లు ముఖ్యము. వేకువను ఒంటరిగా కాక ముగ్గురు నలుగురు కలసి, దీపములున్న త్రోవను గాని మైదానమును గాని ఎన్నుకొనవలెను. తల్లి యొకతె వెంట నడచినచో రక్షణయు కలుగును, ఆమెకు వ్యాయామమును కలుగును.

ఆహారము, ఆరోగ్యము

భయములలో నిజమైన భాగమిచ్చట నున్నది. 2019–21 జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము, మనదేశమున 15 మొదలు 49 సంవత్సరముల స్త్రీలలో 57 శాతమునకును, 15 మొదలు 19 సంవత్సరముల బాలికలలో 59 శాతమునకును రక్తహీనత కలదు. ప్రాణవాయువును మోయునది రక్తమే. రక్తము పలుచనైన పిల్ల త్వరగా ఆయాసపడినచో, తప్పు పరుగుది కాదు, కంచములోనిది. తోటకూర, మునగాకు, పప్పుధాన్యములు, బెల్లము, వేరుసెనగ, మాంసాహారులకు మాంసము, చేప ఇంటిలో దొరకునవే. భోజనముతో నిమ్మ, ఉసిరి చేర్చినచో ఇనుము బాగుగా ఒంటబట్టును. భోజనమైన వెంటనే కాఫీ, టీ త్రాగినచో ఆ మేలు తగ్గును. ఎముకలకు రాగిజావయు, పాలును, పెరుగును మేలు. అభ్యాసము ప్రారంభించుటకు ముందు వైద్యునిచే రక్తపరీక్ష చేయించుట మంచిది.

ఋతుకాలమునందు పరుగెత్తుట హానికరము కాదు. ఓపికయున్నవారు పరుగెత్తవచ్చును, లేనివారు విశ్రమింపవచ్చును. అయితే శ్రమకు తగినంత తినని బాలికలలో ఋతుక్రమము తప్పుట కలదు. అది ఎముకలను కూడ బలహీనపరచును. మూడు నెలలు వరుసగా ఋతువు రాకున్నను, మాటిమాటికి ఎముక నొప్పి కలుగుచున్నను వైద్యుని చూడవలెను. ఈ సంగతి తల్లితో చెప్పుకొనుటకు పిల్ల సిగ్గుపడని ఇల్లు కావలెను. సన్నబడవలెనని పిల్లకు అన్నము తగ్గించుట ఎంతమాత్రము కూడదు.

కాలము ఎక్కడనుండి వచ్చును?

వారమునకు 168 గంటలు. దినమున కొక గంట చొప్పున నాలుగు దినములు అభ్యాసము చేసినను అది 4 గంటలు, అనగా వారములో 42వ వంతు. చదువును చెరచునది ఈ వంతు కాదు. రాత్రి చాల ప్రొద్దుపోవువరకు మేల్కొనుటయు, చేతిలోని ఫోనును విడువకుండుటయు అంతకు పదిరెట్లు చెరచును. పదుమూడు మొదలు పదునెనిమిది సంవత్సరముల పిల్లలకు దినమునకు 8 మొదలు 10 గంటల నిద్ర కావలెను. వేకువను పరుగెత్తు పిల్ల రాత్రి పెందలకడ నిద్రించును. ఐదు మొదలు పదునేడు సంవత్సరముల పిల్లలు దినమునకు సగటున ఒక గంట బాగుగా ఒడలు కదల్పవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో చెప్పిన నియమములో కొంత భాగము ఇందుచేత నెరవేరును. పరీక్షల నెలలో అభ్యాసమును సగమునకు తగ్గింపవచ్చును. పూర్తిగా మాన్పించుట మాత్రము తగదు. నెలలకొలది కూడబెట్టిన శక్తి కొద్ది వారములలో తరగిపోవును.

అసలు చిక్కు ఇంటిపనిలో కలదు. 2019లో కేంద్రప్రభుత్వము జరిపిన కాలవినియోగ పరిశీలన ప్రకారము, ఇంటిపనులు చేయు స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, చేయు పురుషులు 97 నిమిషములును అందు వెచ్చించుచున్నారు. కూతురు మైదానమునకు పోయినచో ఆ గంటపని తల్లిమీద పడును. అందుచేత తల్లియే ముందుగా వలదనును. ఆమె మాట న్యాయమే. పరిష్కారము మాత్రము వేరుగా నుండవలెను. కొడుకు నీళ్లు పట్టుట, పక్కలు ఎత్తుట, కూరలు తరుగుట నేర్చినచో కూతురికి ఆ గంట దొరకును. కార్ఖానాలలో షిఫ్టుల ప్రకారము పనిని పంచుకొని చేయుట పెరంబూరు తండ్రులకు తెలియని విద్య కాదు. అదే విద్యను ఇంటిలోనికి తెచ్చిన చాలును.

క్రీడలలో రాణించినవారికి రైల్వేలలోను, ఇతర ప్రభుత్వసంస్థలలోను ఉద్యోగములు, కళాశాలలలో ప్రవేశములు లభించుట నిజమే. కాని పరుగెత్తు పిల్లలందరికిని పతకములు రావు. ఉద్యోగమును మాత్రమే కోరి పిల్లను పరుగెత్తించువారు, అది రాకున్నచో పరుగునే నిందింతురు. పతకము రానివారికిని మిగులునది కలదు: బలమైన గుండె, గట్టి యెముకలు, ఓటమిని తాళగల మనస్సు, తన శరీరము తనదే యను ధైర్యము.

1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికా పాఠశాలను స్థాపించినప్పుడు, ఆడపిల్లకు చదువు కీడు చేయునని వాదించినవారు తక్కువవారు కారు. నేడు మన కుమార్తెలు చదువుచున్న ప్రతి తరగతిగదియు ఆ వాదమునకు సమాధానము. పరుగు విషయమున సమాధానము చెప్పవలసినవారు మనమే. ఎనిమిదవ తరగతి దాటిన కుమార్తె రేపు వేకువను జోళ్లు తొడుగుకొని గుమ్మము వద్ద నిలిచినచో, ఆమెను ఆపుటకు ముందు ఆమె భోజనమును, నిద్రను, తోడును గూర్చి విచారింతుము గాక. ఆ మూడును సరిగానున్నచో ఆపుటకు కారణ మేదియు మిగులదు.