కారు నిద్రపోతుంటే కరెంటు తాగే దొంగ ఎవరు?

మిర్యాలగూడలో ఒక అద్దె కారు ఉందనుకుందాం. కొత్తదేమీ కాదు, ఇరవై ఏళ్లు నడిచిన బండి. రోజూ కోదాడకూ సూర్యాపేటకూ తిరుగుతున్నన్నాళ్లు ఎక్కడా మొరాయించదు. రెండు రోజులు కిరాయి లేక ఇంటి ముందు నిలబడిందా, మూడోనాటి తెల్లవారుజామున సెల్ఫ్ తీసుకోదు. తాళం తిప్పితే "టక్" మని ఒక్క చప్పుడు, అంతే! ఆ వేళకు ఒక రోగిని సూర్యాపేట ఆసుపత్రికి చేర్చవలసి ఉంటే ఏం కావాలి?

"బ్యాటరీ పోయింది, కొత్తది వెయ్యి" అంటారు చుట్టూ చేరినవాళ్లు. డ్రైవరు అప్పు చేసి కొత్తది వేస్తాడు. మళ్లీ నాలుగు రోజులు బండి ఆపితే అదే కథ! అంటే తప్పు బ్యాటరీది కాదన్నమాట. మరి ఎవరిది? మీ విద్యుత్తు పాఠంతోనే ఆ దొంగను పట్టుకోవచ్చు. ఎలాగో చూద్దాం.

బ్యాటరీ లోపల

ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో సీసపు పలకలతో ఒక ఘటాన్ని తయారు చేశాడు. మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకోగల మొదటి ఘటం అదే. మన కారు బ్యాటరీలో అలాంటి ఘటాలు ఆరు శ్రేణిలో ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు 2.1 వోల్టులు, మొత్తం 12.6 వోల్టులు. కరెంటు వాడుకునే కొద్దీ పలకల మీద లెడ్ సల్ఫేటు ఏర్పడుతుంది, సల్ఫ్యూరిక్ ఆమ్లం పలచబడుతుంది. ఇంజను తిరిగేటప్పుడు ఆల్టర్నేటరు (మరీ పాత కార్లలో డైనమో) ఈ చర్యను వెనక్కి నడిపి బ్యాటరీని నింపుతుంది. అందుకే తిరిగినన్నాళ్లు మన కారు జబ్బు బయటపడలేదు.

ఒక చిన్న లెక్క

డిక్కీలో 5 వాట్ల బల్బు ఆరకుండా వెలుగుతోందనుకోండి. మూత వేసి ఉంటుంది కనుక ఎవరికీ కనిపించదు. 5ను 12తో భాగిస్తే సుమారు 0.42 ఆంపియర్లు. బ్యాటరీ సామర్థ్యం 40 ఆంపియర్-గంటలైతే సుమారు 95 గంటల్లో, అంటే నాలుగు రోజుల్లో అంతా ఖాళీ! సెల్ఫ్ మోటారుకు క్షణకాలమైనా వంద ఆంపియర్లకు పైగా కావాలి. కాబట్టి పాత బ్యాటరీ సగం ఖాళీ అయ్యేసరికే చేతులెత్తేస్తుంది. చూశారా, చిన్న బల్బు ఎంత పని చేసిందో!

దొంగను పట్టే పద్ధతి

మొదట బ్యాటరీని నిండా ఛార్జి చేయించి, తీగలు విప్పి రెండు రోజులు ఉంచాలి. అప్పుడు కూడా దిగిపోతే దోషం బ్యాటరీలోనే ఉంది. దిగకపోతే దొంగ కారులో ఉన్నాడు. ఈ ఒక్క పరీక్ష చేస్తే అనవసరపు ఖర్చు తప్పుతుంది.

తరువాత తీగలు మళ్లీ బిగించి, తాళం తీసి, తలుపులు మూసి, దీపాలన్నీ ఆర్పాలి. బ్యాటరీ నుంచి కారు బాడీకి వెళ్లే తీగను (ఈనాటి కార్లలో అది ఋణ తీగ) విప్పి, ఆ తీగకూ బ్యాటరీ కొనకూ మధ్య మల్టీమీటరును 10 ఆంపియర్ల స్థానంలో పెట్టి కలపాలి. మీ ప్రయోగశాలలో అమ్మీటరును శ్రేణిలో కలిపినట్టే. గడియారం, రేడియో వంటివి కొద్దిగా తీసుకుంటాయి కనుక 0.02 నుంచి 0.05 వరకు చూపితే భయం లేదు. 0.4 చూపితే మాత్రం దొంగ దొరికినట్టే. ఇక ఇల్లు వెతకాలి.

ఒక్కొక్క ఫ్యూజునే తీసి, ముల్లు లేదా అంకె చూసి, మళ్లీ పెడుతూ పోవాలి. ఏ ఫ్యూజు తీసినప్పుడు కరెంటు ఒక్కసారిగా తగ్గిందో దొంగ ఆ వలయంలోనే ఉన్నాడు. పాత కార్లలో ఒక ఫ్యూజు కింద చాలా పరికరాలుంటాయి. వాటినీ ఒక్కొక్కటిగా విడదీసి చూడాలి. డిక్కీ మూత స్విచ్చి అరిగిందా? తరువాత బిగించిన స్టీరియో తీగ నేరుగా బ్యాటరీకి కలిపారా? ఏ ఫ్యూజు తీసినా తగ్గకపోతే ఆల్టర్నేటరును అనుమానించాలి. అందులోని డయోడులు కరెంటును ఒక్క దిశలోనే పోనివ్వాలి. ఒకటి పాడైతే బ్యాటరీ కరెంటు వెనక్కి కారిపోతుంది. డైనమో ఉన్న కార్లలో కటౌట్ కొనలు అతుక్కుపోయినా ఇదే జరుగుతుంది.

జాగ్రత్త!

ఈ పని మెకానిక్కు పక్కన ఉండగానే చూడండి. మీటరు కలిపి ఉండగా తాళం తిప్పితే మీటరు కాలిపోతుంది. ఛార్జి అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. అగ్గిపుల్ల, నిప్పురవ్వ దగ్గరకు రాకూడదు. ఆమ్లం చర్మాన్నీ కళ్లనూ కాలుస్తుంది. చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసివేయాలి.

వైద్యుడు రోగిని పరీక్షించకుండా మందు రాయడు కదా! యంత్రాల విషయంలోనూ అంతే. ముందు కొలత, ఆ తరువాతే మార్పు. ఒకసారికి ఒక్కటే మార్చి ఫలితం చూడడమే ప్రయోగానికి ప్రాణం.

మీరు చెప్పండి: కారు 0.05 ఆంపియర్లే తీసుకుంటే 40 ఆంపియర్-గంటల బ్యాటరీ ఖాళీ కావడానికి ఎన్నాళ్లు పడుతుంది?

(జవాబు: 800 గంటలు, అంటే సుమారు 33 రోజులు.)