గడ్డినేలలో ముండ్లచెట్టు ఏల ప్రబలును?

దిల్‌సుఖ్‌నగరు దాటి, ఎల్.బి. నగరు కూడలి మీదుగా విజయవాడ బాటను పోవువారికి వనస్థలిపురము చెంత నొక విశాలమైన కంచ కానవచ్చును. అదియే మహావీర హరిణ వనస్థలి. నిజాము ప్రభువుల కాలమున వేటకంచగా నుండిన యీ నేల, వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణోత్సవముల సందర్భమున 1975లో ఆ పేరు బొంది, 1994లో జాతీయోద్యానమైనది. దాని విస్తీర్ణము 14.59 చదరపు కిలోమీటర్లు. చుట్టునుగల చేలు ఇండ్లస్థలములై పోగా, తూర్పు హైదరాబాదు నేల తొల్లి యెట్లుండెనో తెలుపుటకు మిగిలిన తావులలో నిది యొకటి. కృష్ణజింక యచ్చట నివసించును. అది తెరపినేల జంతువు. దూరమునుండి శత్రువును జూచి పరుగిడి బ్రదుకును గాన, పొదలు చిక్కబడినచోట నిలువజాలదు.

జింకల గోడు మనకేల యని సభ్యు లనుకొందురేమో. జింకకు దెరపి యెట్టిదో మన పసువులకు బంచరాయి యట్టిది. తాతలనాడు గొడ్లు కడుపునిండ మేసిన బంచరాయి నేడు కాలిడరాని ముండ్లకంపయైన గ్రామము లెన్నియో కలవు. అట్లగుటకు గల కారణము కొంత నేలలోనే యున్నది. ఆ సంగతి తెలియక మనము చేయు పనులు కొన్ని కంపకే తోడ్పడుచున్నవి.

వాన చాలనందువలననే యిచ్చట గడ్డి యున్నదని కొందరి తలంపు. 2005లో మహేశ్ శంకరన్ మొదలగు శాస్త్రజ్ఞులు ఆఫ్రికాఖండమందలి 854 స్థలముల లెక్కలను పరిశీలించిరి. ఏటికి సుమారు 650 మిల్లీమీటర్లకు లోపడి వాన కురియుచోట్ల చెట్ల వ్యాప్తికి వానయే హద్దనియు, అంతకు మించినచోట చెట్లు నేలనంతయు కమ్మగలవనియు, అట్లు కమ్మకుండ నాపునవి నిప్పు, మేత మొదలైనవనియు వారు తేల్చిరి. హైదరాబాదున సగటున 800 మిల్లీమీటర్ల వాన కురియును. ఆఫ్రికా లెక్క మన కక్షరాల నన్వయింపకపోవచ్చును. అయినను మన గడ్డినేలలు వాన కరవుచే మాత్రమే నిలిచినవి కావని దీనివలన దోచుచున్నది.

చెట్టు పెద్దదైన పిదప గడ్డి దాని నేమియు జేయజాలదు. పోరాటమంతయు మొలక దినములలోనే. తొలకరికి గడ్డివేళ్లు పైమట్టిలో వలవలె నల్లుకొని నీటిని ముందుగా పీల్చును. ఆకు పైకెదిగి మొలకకు వెలుగు దక్కనీయదు. గడ్డి బలముగా నున్న యేట నూరు తుమ్మగింజలు మొలచినను నిలుచునవి కొన్నియే. ఇక గడ్డికి బలమెచ్చటిది? వానతోపాటు నత్రజనివలన.

మన చల్కనేలలు నల్లరాతినుండి కాక, గ్రానైటు రాతినుండి పుట్టినవి. వీనిలో నత్రజని తక్కువ, జీవపదార్థము తక్కువ. భాస్వరమును సమృద్ధి కాదు. నత్రజని లేని నేలలో గడ్డి పలుచబడును. తుమ్మజాతి కట్టి చిక్కు లేదు. కంది, పెసరలకు వలెనే తుమ్మవేళ్లకును బుడిపెలు గలవు. వానిలోని సూక్ష్మజీవులు గాలియందలి నత్రజనిని చెట్టునకు సమకూర్చును. కావున నేల పేదయైనకొలది గడ్డి యోడును, తుమ్మ నెగ్గును. దక్షిణాఫ్రికాలో తుమ్మజాతి విత్తనములు వేసి కొన్ని మడులకు నత్రజని యెరువు చల్లి చూడగా, ఎరువు వేసిన మడులలో తుమ్మమొలకలు తగ్గెను. ఎరువు వేసిన చెట్టే పెరుగునని తలచువారి కిది వింతగా దోచును. ఆ యెరువును ముందు దినునది గడ్డి యని గుర్తించిన వింత లేదు.

భాస్వరము సంగతి వేరు. వేరుబుడిపెలు పనిచేయుటకు భాస్వరము మిక్కిలి యవసరము. నత్రజని లేక, భాస్వరము మాత్ర మున్న నేల తుమ్మకు పుట్టినిల్లు వంటిది. ఏటేట గడ్డికి నిప్పుపెట్టుటవలన వచ్చు కీడు ఇచ్చటనే కలదు. మంటలో నత్రజని చాలవరకు గాలిలో గలిసిపోవును. భాస్వరము, పొటాషు బూడిదలో నిలుచును. నిప్పు లేతమొలకలను జంపుననుట నిజమే. కాని గడ్డి పలుచబడిన నేలలో మంట సాగదు గనుక నా మేలును తగ్గును.

అంతకన్న పెద్ద కారణము మన దొడ్లలోనే యున్నది. గొడ్లు పగలెల్ల బంచరాయిలో మేసి, రాత్రి కొట్టములో పేడవేయును. ఆ పేడ చేనికి బోవును. చేనికది మేలే, నేనును అట్లే చేయుచున్నాను. కాని తరతరములుగా బంచరాయి సారము చేలకు మోయబడుచున్నదేగాని, తిరిగి చేరినది లేదు. ఊరందరిదైన నేలకు ఎరువెవరును వేయరు గదా!

చెట్టు నిలిచిన పిదప కథ మారును. దాని యాకు రాలి, పక్షుల రెట్టపడి, మొదటి మట్టి సారవంతమగును. ఆ నీడలో గడ్డి పలుచగానున్నచో పక్షులు దెచ్చిన వేప, రేగు గింజలు మొలచును. ఒక్క తుమ్మ కొన్నియేండ్లకు గుబురగుట యిట్లే. బ్రెజిలు దేశమందలి సెర్రాడో గడ్డినేలలలోను సారము తక్కువైనచోట గడ్డి, ఎక్కువైనచోట అడవి యుండుట కలదు. కావున సారము గడ్డికి మేలుచేయునా చెట్టుకు మేలుచేయునా యనునది, ఆ చోట ముందుగా నిలద్రొక్కుకొన్న దెయ్యది యనుదానిపై నాధారపడి యుండును.

మన యెడల ముఖ్యశత్రువు సర్కారు తుమ్మ. ఇది దేశవాళీ కాదు, అమెరికాఖండపు చెట్టు. 1877 ప్రాంతమున కడప మండలమందలి కమలాపురములో దీనిని వంటచెరకుకై నాటించిరి. తెచ్చినవారి పేరు చెట్టు నేటికిని మోయుచున్నది. దీని కాయ తీయగా నుండుటచే గొర్రె, మేక, పసువు లిష్టముగా తినును. గింజ అరుగక పేడతో వెలువడి, ఎరువుతో గూడ మొలచును. పైన నరికిన చచ్చునది కాదు, పది కొమ్మలై లేచును. మొదలుచుట్టు అడుగు లోతు త్రవ్వి వేరుమోడును పెకలింపవలెను. పెకలించిన చోటును ఖాళీగా విడిచిన మరుసటి వానకు మరల మొలకలే. గడ్డివిత్తనమో, స్టైలో వంటి మేతజాతియో వెంటనే చల్లవలెను.

ఈ విషయము నొక సంఘము తక్కువ ఖర్చుతో పరీక్షింపవచ్చును. బంచరాయిలో రెండు కుంటల నేలకు కంప నాటి మేత నాపి, అందొక కుంటలో వానలకు ముందు కొన్నిరాత్రులు గొర్రెలమంద నుంచి, రెండవదానిని ఊరక విడువవలెను. రెండేండ్లలో ఎందులో గడ్డి దట్టమో, ఎందులో తుమ్మమొలకలు హెచ్చో లెక్కించి వ్రాసికొనవలెను. సర్కారు తుమ్మకాయలు పండి రాలు దినములలో మాత్రము మందను అచ్చట నిలుపరాదు. అప్పటి పెంటతో ఎరువుతోబాటు గింజయు దిగును.