కాపలా కుక్కకు ఐసు పెట్టవచ్చా?

పెనుగొండ: దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. బోదెల్లో చుక్క నీరుండదు. కళ్లంలో ధాన్యం రాశికి, చేపల చెరువు గట్టుకు, కొబ్బరితోటకు రాత్రింబవళ్లు కాపలా కాసే కుక్కకు అదే గడ్డుకాలం. ఐసుబండి ఊళ్లో తిరిగేదీ ఆ రోజుల్లోనే. పిల్లలు తినగా మిగిలింది కుక్క ముందు పడేస్తారు. "పాపం, దానికీ ఎండే కదా" అని పెద్దలూ ఊరుకుంటారు. జాలి మంచిదే గాని, పెట్టేది ఏమిటో చూసుకోవాలి.

పాల ఐసు

తల్లిపాలు మానిన కుక్కకు పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి తగ్గిపోతుంది. అరగనిది పేగుల్లో పులిసి కడుపుబ్బరం, విరేచనాలు పట్టుకుంటాయి. ఎండల్లో విరేచనాలైతే ఒంట్లో నీరు పోయి కుక్క మరింత నీరసిస్తుంది. కొవ్వు ఎక్కువైతే క్లోమం వాచే ప్రమాదమూ ఉంది. ఒకసారి నాకితే సాధారణంగా ఏమీ కాదు, రోజూ అలవాటు చేయరాదు.

పుల్ల ఐసు

ఇది పంచదార, రంగు కలిపిన నీళ్లే. విషం కాదు, మేలూ లేదు. ముప్పంతా పుల్లతోనే. తీపికి ఆశపడి నమిలి మింగితే గొంతులో గుచ్చుకోవచ్చు, పేగుకు చిల్లు పడవచ్చు.

అసలు పెట్టకూడనివి

చాక్లెట్‌లోని థియోబ్రోమిన్‌ను కుక్క ఒళ్లు త్వరగా బయటికి పంపలేదు. కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు చేరితే వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. 40 నుంచి 50 దాటితే గుండె లయ తప్పుతుంది. 60 దాటితే ఫిట్స్ వస్తాయి. పాల చాక్లెట్ కంటే నల్ల చాక్లెట్‌లో ఇది ఎక్కువ.

ఎండుద్రాక్ష వేసిన ఐస్‌క్రీమ్ మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. పంచదార లేదని అమ్మే కొన్ని రకాల్లో జైలిటాల్ కలుపుతారు. అది కుక్క రక్తంలో చక్కెరను ఒక్కసారిగా దించేస్తుంది. కొన్నిసార్లు అరగంటలోనే కుక్క తూలి పడిపోతుంది.

తినేస్తే?

ఉప్పునీళ్లు పట్టి కక్కించాలని చూడవద్దు, అదీ ప్రమాదమే. లక్షణాలు కనిపించేదాకా ఆగకుండా, రేపరు చేతపట్టుకుని వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఎంత తిన్నదీ, ఎప్పుడు తిన్నదీ డాక్టరుగారికి చెప్పాలి.

ఖర్చులేని చల్లదనం

నీడన మట్టి తొట్టి పెట్టి పూటపూటా నీళ్లు మార్చండి. మధ్యాహ్నం గొలుసు విప్పి చెట్టు నీడకు వదలండి. ఉప్పు, ఉల్లిపాయ వేయని పలుచటి మజ్జిగ కొద్దిగా పోయవచ్చు. గింజలు, తొక్క తీసిన పుచ్చకాయ ముక్క ఒకటీ అరా పెట్టవచ్చు.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, ఎక్కువగా రొప్పుతూనే వేడి తగ్గించుకుంటుంది. ఆగకుండా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతుంటే ఎండదెబ్బ అనుకోవాలి. నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోసి విసరాలి. నోట్లో బలవంతంగా నీళ్లు పోయరాదు. ఆపైన డాక్టరు వద్దకు తీసుకెళ్లాలి.

వేసవిలో కాపలా కుక్కకు కావలసింది నీడ, మంచినీళ్లు. ఈ రెండూ ఉంటే దానికి ఐసుతో పని లేదు.