వాడి మళ్ళీ వాడుకునే ఉత్ప్రేరకాలు

కుడిచేతి గ్లౌజు ఎడమచేతికి పట్టదు. కొన్ని అణువులలోనూ ఇలాంటి కుడి, ఎడమ రూపాలుంటాయి. పార్కిన్సన్స్ వ్యాధికి ఇచ్చే డోపాలో ఎడమ రూపమే పనికివస్తుంది. మామూలు పద్ధతిలో తయారుచేస్తే రెండూ చెరిసగం వస్తాయి. కావలసిన రూపమే ఎక్కువగా వచ్చేలా చేసే ఉత్ప్రేరకాలను రూపొందించినందుకు నోల్స్, నొయోరి, షార్ప్‌లెస్‌లకు 2001లో నోబెల్ బహుమతి లభించింది.

ఉత్ప్రేరకం చర్యలో ఖర్చు కాదని ఇంటర్‌లో చదువుతారు. అంటే వడ్డీ తెచ్చిపెట్టే అసలు లాంటిది. కాని ఆ అసలు తిరిగి చేతికి రావాలి కదా! షార్ప్‌లెస్ పద్ధతుల్లో ఒకదానికి ఆస్మియం అనే ఖరీదైన లోహం కావాలి. దాని టెట్రాక్సైడ్ విషం, కళ్ళకు ప్రమాదం. ద్రావణంలో కలిసిపోతే రాబట్టడం కష్టం. మందులో మిగిలితే అంతకన్నా ముప్పు.

హైదరాబాద్‌లోని ఐఐసీటీలో బి.ఎం.చౌదరి, ఎం.లక్ష్మీకాంతం బృందం 2001లో ఒక మార్గం ప్రచురించింది. మెగ్నీషియం, అల్యూమినియంలతో చేసిన బంకమన్ను వంటి పొరల పదార్థాన్ని వారు తీసుకున్నారు. పొరలకు ధనావేశం, ఆస్మేట్‌కు రుణావేశం. అందువల్ల ఆస్మేట్ వాటిని అంటిపెట్టుకుంటుంది. చర్య ముగిశాక వడపోస్తే పొడి పైన మిగులుతుంది, మళ్ళీ వాడవచ్చు. అయితే ఫెర్రిసయనైడ్‌ను ఆక్సీకరణిగా వాడితే, దాని రుణ అయాన్లు ఆస్మేట్‌ను బయటకు నెట్టి ఆ చోటు ఆక్రమిస్తాయి.

అందుకే ఎం.ఎస్సీ.లో ఇలాంటి ప్రాజెక్టు తీసుకునేవారు దిగుబడి శాతం ఒక్కటే రాసుకుంటే చాలదు. వడపోసిన ద్రవంలోకి లోహం ఎంత జారిందో ప్రతిసారీ కొలవాలి.