ఇల్లు కొనువారిపై స్టాంపు సుంకము – తాత్కాలిక రాయితీలలోని న్యాయాన్యాయములు

మహారాష్ట్రమున తెలుగువారు నిన్న మొన్న వచ్చి చేరినవారు కారు. ముంబయిలోని కామాఠీపురమునకు ఆ పేరు తెలుగుదేశమునుండి వలసవచ్చిన కామాఠీ కూలీలవలన కలిగినది. షోలాపురమునందును భివండియందును మగ్గమును నమ్ముకొని తెలంగాణమునుండి వచ్చిన పద్మశాలి కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. అద్దెగదులలో కాలము గడపిన ఇట్టి కుటుంబములకు సొంత ఇల్లు కొనుట జీవితకాలపు పొదుపుతో కూడిన కార్యము. ఇంటి ధర సమకూర్చుకొనిన పిదపకూడ వారికి వేరొక వ్యయము ఎదురగును. అదియే స్టాంపు సుంకము.

1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ననుసరించి నూరు రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి విక్రయపత్రమును రిజిస్టరు చేయింపవలెను. ఆ పత్రముపై చెల్లింపవలసిన సుంకమును రాష్ట్ర ప్రభుత్వము నిర్ణయించును. మహారాష్ట్రమున ఇందుకు 1958 నాటి స్టాంపు చట్టము ఆధారము. పత్రములో వ్రాసిన ధర, ప్రభుత్వము ఆ ప్రాంతమునకు నిర్ణయించిన ‘రెడీ రెక్నర్’ విలువ — ఈ రెంటిలో ఏది ఎక్కువయో దానిపై సుంకము లెక్కింపబడును. సాధారణముగా బ్యాంకులు ఇంటి ధరకే గాని ఈ సుంకమునకు అప్పు నీయవు. కావున కొనువాడు దీనిని చేతి సొమ్ముతోనే కట్టవలసియుండును.

ఈ సుంకము న్యాయమా యను ప్రశ్న ఇచ్చటనే పుట్టుచున్నది. ఆదాయపు పన్ను సంపాదన పెరిగినకొలది పెరుగును. స్టాంపు సుంకము సంపాదనను చూడదు. ఆస్తి చేతులు మారుటనే చూచును. ఒకే ఇంట నలువది యేండ్లున్నవాడు దీనిని ఒక్కసారి కట్టును. పనికొరకు ఊరు మారి రెండవ ఇల్లు కొనినవాడు రెండుసార్లు కట్టును. అయినను రెండవ పక్షమును వినవలెను. రోడ్లు, రైలుమార్గములు, నీటి వసతులు ప్రజల సొమ్ముతో ఏర్పడుటచేతనే నగరములలో స్థలముల విలువ పెరుగుచున్నది. ఆ పెరుగుదలలో కొంత భాగమును ప్రభుత్వము కోరుట అన్యాయ మనరాదు. కావున విచారింపవలసినది సుంకము ఉండవలెనా యని కాదు. రాయితీ యిచ్చునపుడు అది ఎవరికి చేరుచున్నదని.

కోవిడ్ వ్యాధిచే వ్యాపారము స్తంభించిన 2020లో మహారాష్ట్ర ప్రభుత్వము సుంకమును తాత్కాలికముగా తగ్గించెను. ముంబయిలో 5 శాతముగానున్న సుంకము సెప్టెంబరు 1 నుండి డిసెంబరు 31 వరకు 2 శాతము, 2021 జనవరి 1 నుండి మార్చి 31 వరకు 3 శాతము ఆయెను. ఏప్రిలులో తిరిగి 5 శాతము వచ్చెను. 2020 డిసెంబరులో ముంబయి రిజిస్ట్రేషనులు 19 వేలు దాటినవి. 2021 ఏప్రిలులో సుమారు 10 వేలకు పడిపోయినవి. ఆ నెల వ్యాధి మరల విజృంభించుటయు ఇందుకొక కారణమే. అయినను, గడువు లోపల కొనవలెనను తొందరచే పిదప జరుగవలసిన క్రయములు కొన్ని ముందునకు జరిగినవనుట స్పష్టము.

ఇక లాభము పంపకమును చూడుడు. 3 శాతము తగ్గింపువలన 40 లక్షల ఇల్లు కొనినవానికి 1,20,000 రూపాయలు మిగిలినవి. 4 కోట్ల ఇల్లు కొనినవానికి 12 లక్షలు మిగిలినవి. ఆ కష్టకాలమున జీతము కోల్పోయి ఇల్లు కొనలేకపోయినవానికి ఏమియు మిగులలేదు.

కర్ణాటకము వేరొక మార్గము త్రొక్కెను. తొలిసారి రిజిస్టరగు ఫ్లాటులకు 2020లో 20 లక్షల లోపు 2 శాతము, 35 లక్షల వరకు 3 శాతముగా సుంకమును తగ్గించి, 2021లో ఆ 3 శాతమును 45 లక్షల వరకు విస్తరించెను. ఇందు మేలు చిన్న ఇండ్లకే చేరినది. కాని దీనికిని ఒక లోపము కలదు. సెస్సులను విడిచి లెక్కించినచో, 45 లక్షల ఇంటికి సుంకము 1,35,000 రూపాయలు. 46 లక్షల ఇంటికి 5 శాతము చొప్పున 2,30,000 రూపాయలు. ధరలో లక్ష పెరిగినంతనే సుంకము 95 వేలు పెరిగినది. హద్దు దాటిన భాగమునకు మాత్రమే హెచ్చు రేటు విధించినచో ఈ చిక్కు తీరును.

సుంకము భారమగుటచే కొందరు పేదలు రిజిస్ట్రేషను మానుకొని బాండు కాగితముపైనో, ముక్తారునామాపైనో ఇల్లు కొనుచుందురు. ఇది మిక్కిలి అపాయకరము. ముక్తారునామావలన స్థిరాస్తిపై హక్కు సంక్రమింపదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టముగా తీర్పు చెప్పెను. ఇట్టి పాత లోపములను సరిదిద్దుటకే మహారాష్ట్ర ప్రభుత్వము 2023 డిసెంబరులో అభయ యోజనను ప్రారంభించెను. 1980 – 2000 నడుమ వ్రాయబడిన దస్తావేజులపై బాకీ సుంకము లక్ష రూపాయలకు మించనిచో, తొలి విడతలో సుంకమును, జరిమానాను పూర్తిగా తీసివేసెను. లక్ష దాటినచో సుంకములో సగమును, జరిమానా నంతటిని విడిచిపెట్టెను. బొత్తిగా స్టాంపు కాగితమే లేని దస్తావేజులకు మాత్రము ఇది వర్తింపలేదు. ఇదియు గడువుగల రాయితీయే. కాని పూర్వపు రాయితీ కొనుటకు సొమ్మున్నవానికి తోడ్పడగా, ఇది కొనియు హక్కు స్థిరపడని గృహస్థునకు తోడ్పడినది.

కావున రాయితీ వెలువడినపుడు గృహస్థుడు మొదట గడువును గాక ఆస్తి హక్కును, ధరను పరిశీలింపవలెను. సుంకము తగ్గినను అమ్మువాడు ధర పెంచినచో కొనువానికి దక్కునది స్వల్పమే. ఇంట పాత దస్తావేజులున్నవారు వానిని తెలిసిన న్యాయవాదికి చూపి, సుంకము చెల్లినదా, రిజిస్టరు అయినదా యని విచారించుకొనవలెను. పరభాషలోనున్న ప్రభుత్వ ప్రకటనలను గడువు తీరకముందే తెలుగున వివరించి చెప్పు బాధ్యతను మన సంఘములు స్వీకరించినచో, పెద్దలు చెమటోడ్చి సంపాదించిన ఇల్లు పిల్లలకు వివాదము లేక సంక్రమించును.