చూడి నిలవకపోతే మేతనూ, నీటినీ చూడండి



తనిఖీ నిమిత్తం సంఘాలకు వెళ్ళినప్పుడు మేము పాల రిజిస్టరు, వెన్న శాతం లెక్కలతోపాటు సభ్యుల పశువుల బాగోగులు కూడ విచారిస్తాము. ఎల్.బి. నగర్ వైపు ఒక సభ్యుడు మాతో, "సార్, మా బర్రెకు మూడు మాట్ల సూది ఏయించిన, కట్టలే. ఇగ అంగట్ల అమ్మేస్త" అన్నాడు. కొట్టం చూడబోతే గోడ పక్కన పగిలిన పాత బ్యాటరీ పెట్టెలు, సీసపు పలకలు పడివున్నాయి. కుమారుడు బ్యాటరీల మరమ్మతు చేస్తాడట. గేదె ఆ పలకలను నాకుతున్నది. పెళ్ళయి నాలుగేళ్ళయినా ఆ ఇంటి కోడలికి సంతానం లేదు. నింద మాత్రం ఆమె ఒక్కదానిమీదనే. గేదెకూ, ఇంటివారికీ హాని చేయగల వస్తువు ఒకటే కావచ్చునని అక్కడ ఎవరికీ తోచలేదు. అందుకే ఈ వ్యాసం.

శరీరంలో ఆజ్ఞలు నడిచే తీరు

పశువుకైనా మనిషికైనా సంతాన వ్యవస్థ ముఖ్యంగా ఒకే తీరున నడుస్తుంది. మెదడులోని హైపోథాలమస్ అనే భాగం ముందు ఆజ్ఞ ఇస్తుంది. దాని కిందనున్న పిట్యూటరీ గ్రంథి ఎఫ్.ఎస్.హెచ్., ఎల్.హెచ్. అనే హార్మోనులను రక్తంలోకి వదులుతుంది. వీటిని అందుకొని అండాశయం ఈస్ట్రోజెన్ తయారు చేస్తుంది. గేదె ఎదకు వచ్చేది దీనివల్లనే. అండం విడుదలయ్యాక తయారయ్యే ప్రొజెస్టిరాన్ గర్భాన్ని నిలుపుతుంది. మగవారిలో ఇవే ఆజ్ఞలతో వృషణాలు టెస్టోస్టిరానును, వీర్యకణాలను తయారు చేస్తాయి.

సంఘంలో అధ్యక్షుని ఉత్తరువు కార్యదర్శికి, అతని నుండి పాలు కొలిచేవానికి చేరినట్లే ఇదీను. మధ్యలో కాగితం తారుమారైతే ఆ పూట పని చెడిపోతుంది.

లోహాలు చేసే చెరుపు

సీసం శరీరంలో సున్నం వేషం వేస్తుంది. కాల్షియం చేయవలసిన పనులలో దూరి మెదడు నుండి వెళ్ళే ఆజ్ఞలను, అండాశయ, వృషణాల పనిని చెడగొడుతుంది. ఒంట్లో చేరిన సీసంలో ఎక్కువ భాగం ఎముకలలో ఏళ్ళ తరబడి నిలువ ఉంటుంది. చూలు సమయంలోను, పాలిచ్చే సమయంలోను ఎముకల నుండి సున్నం కరిగినప్పుడు సీసం కూడ కరిగి రక్తంలోకి వస్తుంది, మాయను దాటి బిడ్డకు చేరుతుంది. రక్తంలో సీసం డెసిలీటరుకు 40 మైక్రోగ్రాములు దాటిన పనివారిలో వీర్యకణాలు తగ్గుతున్నట్లు పరిశోధనలు తెలుపుతున్నాయి. సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

కాడ్మియం జింకు స్థానాన్ని ఆక్రమిస్తుంది. కొన్ని సందర్భాలలో ఈస్ట్రోజెన్ వలె నటించి దొంగ ఆజ్ఞలిస్తుంది. మాయలో ప్రొజెస్టిరాన్ తయారీకి అడ్డుపడుతుంది, వృషణాలను దెబ్బతీస్తుంది. మనిషి మూత్రపిండాలలో చేరితే 10 నుండి 30 ఏళ్ళకు గాని సగం తగ్గదు. జపానులో జింజు నది ఒడ్డున గని నుండి వచ్చిన కాడ్మియం వరి పొలాలకు పారి, ఎముకలు విరిగే ఇటాయ్-ఇటాయ్ వ్యాధి వచ్చింది. 1968లో ఆ ప్రభుత్వం కారణాన్ని అంగీకరించింది. ఎక్కువగా బాధపడినది పలుమార్లు ప్రసవించిన స్త్రీలే.

మన దేశంలోనూ సీసం, జింకు కర్మాగారాల చుట్టుపక్కల మేసే ఆవుల రక్తంలో హార్మోనుల తేడాలు కనిపించినట్లు భారత పశువైద్య పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించారు.

మూసీ గడ్డి సంగతి

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, నాగోలు పక్కగా పారే మూసీలో నగరపు మురుగుతోపాటు కర్మాగారాల నీరు కూడ కలిసింది. ఆ నీటితో ఒడ్డున పారాగడ్డి పెంచి, దశాబ్దాలుగా నగర డెయిరీలకు మోపులుగా అమ్ముతూ వచ్చారు. ఎండకాలంలోనూ పచ్చగా దొరికే ఆ గడ్డి అనేక కుటుంబాలకు జీవనాధారం. పారాగడ్డి స్వతహాగా మంచి మేతే. దోషం నీటిది. హైదరాబాదులో మురుగునీటితో తడిసే నేలలలోను, మేతగడ్డిలోను, పశువుల పాలలోను లోహాలను కొలిచిన అధ్యయనం 2008లో వెలువడింది. అంబర్‌పేట, నాగోలులలో మురుగు శుద్ధి కేంద్రాలు ఉన్నప్పటికీ అవి ముఖ్యంగా కుళ్ళే మలినాలను తగ్గించడానికి కట్టినవి. పైగా నేలలో ఒకసారి చేరిన లోహం కుళ్ళి పోయేది కాదు.

అట్లని చూడి కట్టని ప్రతి గేదెకూ లోహమే కారణమని మేము అనడం లేదు. మూగ ఎద, ఖనిజ లోపం, గర్భకోశ వ్యాధి, ఎండ వేడిమి, తప్పిన సమయంలో సూది, ఇవే తరచు కారణాలు. ముందు వాటిని చూడవలెను. అయితే వాటితోపాటు మేత, నీరు, కొట్టం కూడ చూడవలెను.

సభ్యులు చేయవలసినవి

1. బ్యాటరీ, రంగుల, పాత ఇనుము దుకాణాల దగ్గర పశువును కట్టరాదు. పాత బ్యాటరీలు, రంగు డబ్బాలు కొట్టంలో ఉంచరాదు.

2. మురుగునీటి గడ్డే ఆధారమైనవారు వేరు నీటితో పెరిగిన మేతనూ, ఎండుమేతనూ కలిపి దాని వాటా తగ్గించవలెను. వేళ్ళతో, మట్టితో వచ్చిన గడ్డిని దులిపి, మంచినీటితో కడిగి వేయవలెను. కడిగితే పైమట్టి పోతుందే గాని గడ్డి లోపలి లోహం పోదు.

3. ఖనిజ లవణ మిశ్రమం డాక్టరు చెప్పిన మోతాదులో రోజూ ఇవ్వవలెను. కాల్షియం, జింకు చాలినంత ఉన్న ఒంట్లోకి సీసం, కాడ్మియం తక్కువగా ఎక్కుతాయి.

4. మూడుసార్లు తిరగపొర్లిన పశువును అమ్మే ముందు పశువైద్యునికి చూపవలెను. చుట్టుపక్కల పరిస్థితిని కూడ ఆయనకు చెప్పవలెను.

5. సీసంతో పనిచేసేవారు పని బట్టలతో ఇంటికి రారాదు. చేతులు కడగనిదే అన్నం తినరాదు. సంతానం కలగనప్పుడు భార్యాభర్తలిద్దరూ పరీక్ష చేయించుకోవలెను.

ఇది వ్యాపార విషయం కూడ. పాలలో సీసం కిలోకు 0.02 మిల్లీగ్రాములు మించరాదని అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం. సంఘం పాలకు మంచి పేరు వచ్చేదీ, పోయేదీ కొట్టంలోనే.

మొదట చెప్పిన సభ్యుడు గేదెను అమ్మలేదు. పలకలు తీయించి, కట్టుకొయ్య మార్చి, డాక్టరు సలహాపై ఖనిజ మిశ్రమం పెట్టాడు. కొన్ని నెలలకు గేదె చూడి కట్టింది. ఇందులో ఏది ఎంత పనిచేసిందో మేము చెప్పలేము. కుమారుడు రక్తపరీక్ష చేయించుకున్నాడు. సీసం ఎక్కువగా ఉన్నదని తేలి, ఆ పని మానుకున్నాడు. ఇంకా వైద్యం జరుగుతున్నది. ఆ ఇంట్లో కోడలిని గొడ్రాలని అనడం మాత్రం ఆనాటితోనే ఆగింది.